వానాకాలంలో కొత్త ఫోర్ బై ఫోర్‌తో దోర్నాల ఘాట్, రాపూరు ఘాట్: ఏమేం చూసుకోవాలి?

కర్నూలురోడ్డు_ఒంగోలు:

అన్నలందరికీ నమస్తే. ఇంట్లోకి కొత్త మహీంద్రా థార్ వచ్చింది. మూడు తలుపులది, డీజిల్, మాన్యువల్ గేరు, ఫోర్ బై ఫోర్. మీటరు 640 కిలోమీటర్లు చూపిస్తా ఉంది, అదంతా ఊళ్ళోనూ హైవే మీదా తిరిగిందే. ఘాట్ ఇంకా ఎక్కలేదు.

ఆగస్టు ఆఖర్లో నలుగురం బయల్దేరాలని. పొదిలి, మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం. మర్నాడు దోర్నాలకి దిగి ఆత్మకూరు అడవి దారి, నంద్యాల, అక్కణ్ణించి గిద్దలూరు ఘాట్, కంభం, ఇల్లు. నవంబరులో నెల్లూరు చుట్టాలతో పెంచలకోన వెళ్ళి, రాపూరు ఘాట్ ఎక్కి చిట్వేలి దిగాలని ఇంకో ఆలోచన.

అడగాల్సినవి ఇవీ. తడి ఘాట్ మీద మొదట్నించీ ఫోర్ హైలో (నాలుగు చక్రాలకీ శక్తి పోయేట్టు) పెట్టి నడపాలా? టైర్ల కొట్టాయన వానకి గాలి 22కి దించితే పట్టు బాగుంటుందనీ, మడ్ టెర్రైన్ (బురద) టైర్లు వేయించుకోమనీ అంటున్నాడు, నిజమేనా? నీళ్ళలో 650 మిల్లీమీటర్ల దాకా దిగొచ్చని కంపెనీ లెక్క, అంటే మోకాలి లోతు వాగు దాటొచ్చా? శ్రీశైలం అడవిలో ఉన్న ఇష్టకామేశ్వరి గుడికి మన బండి తీసుకుపోవచ్చా? ఇంకా ఏమేం కొని పెట్టుకోవాలి?

గేరుబాక్స్_పొదిలి:

తమ్ముడూ, ముందు ఒక్క మాట మనసులో పెట్టుకో. నాలుగు చక్రాలకీ శక్తి పోతే బండి కదలడం సులువవుతుంది. ఆగడం మాత్రం సులువు కాదు. బ్రేకు ఏ బండికైనా నాలుగు చక్రాలకే ఉంటుంది, తడి తారు మీద నీ బండీ పక్కన పోయే చిన్న కారూ ఒకే తీరుగా జారతాయి. పైగా నీది బరువూ ఎత్తూ ఎక్కువ. ఘాట్‌లో ప్రమాదాలు దిగేటప్పుడూ మలుపులోనూ జరుగుతాయి. అక్కడ ఫోర్ బై ఫోర్ కన్నా టైరూ, గేరూ, వేగమే కాపాడేది.

ఫోర్ హై సంగతి. నీది పార్ట్ టైమ్ రకం. ఫోర్ హైలో పెడితే ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందుకీ వెనక్కీ పంచే పెట్టె) ముందు షాఫ్టునీ వెనక షాఫ్టునీ కలిపి బిగించేస్తుంది, వేగాల తేడాని సర్దే డిఫరెన్షియల్ మధ్యలో లేదు. రెండూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. కానీ మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి. లెక్క చూడు: నీ బండి వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల ఎడం) 2450 మిల్లీమీటర్లు. వెనక ఇరుసు 6 మీటర్ల వ్యాసార్ధంతో అరచుట్టు తిరిగితే 18.8 మీటర్లు, అదే మలుపులో ముందు ఇరుసు 20.4 మీటర్లు. ఒక్క హెయిర్‌పిన్‌లో మీటరున్నర తేడా. మట్టీ కంకరా అయితే టైరు కాస్త జారి ఆ తేడాని తీర్చుకుంటుంది. తారు మీద తీరదు, షాఫ్టుల్లో మెలి పడుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, బండి ఎవరో పట్టుకు లాగినట్టు కుదుపుతుంది, లివరు టూ హైకి (వెనక చక్రాలకే శక్తి పోయేది) రాదు. అట్టా బిగుసుకుంటే లివరు మీద బలం పెట్టొద్దు. స్టీరింగ్ తిన్నగా పెట్టి నాలుగైదు మీటర్లు రివర్స్ పోతే మెలి విడిపోయి దానంతట అదే వస్తుంది.

తడి తారు మీద మెలి కాస్త తక్కువే పడుతుంది గానీ, బండి ముక్కు మలుపు బయటికి పోవాలని చూస్తుంది. అందుకని తారు కనిపిస్తున్నంతసేపూ టూ హై. కొండ మీంచి ఎర్రమట్టి కొట్టుకొచ్చి రోడ్డంతా పరుచుకున్నచోట, రోడ్డు పనుల కంకర మీద, తారు లేచిపోయిన ఎగువల్లో ఫోర్ హై. చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు, నిదానంగా పోతూ మార్చు. చక్రం ఖాళీగా తిరుగుతున్నప్పుడు మార్చకూడదు, లోపల పళ్ళు దెబ్బతింటాయి. ఫోర్ లో అంటే నాలుగు చక్రాలకీ ఎక్కువ బలం, తక్కువ వేగం. దాన్ని బండి పూర్తిగా ఆపి, క్లచ్చు అడుగంటా తొక్కి, న్యూట్రల్‌లోంచి వెయ్యాలి. ఈ ప్రయాణంలో తారు దిగకపోతే ఫోర్ లో అవసరమే రాదు. అయినా బయల్దేరే ముందు ఏదైనా మట్టి మైదానంలో రెండు మూడుసార్లు వేసి తీసి చెయ్యి అలవాటు చేసుకో. వానలో మొదటిసారి ప్రయత్నించే పని కాదది.

దిగేటప్పుడు ఏ గేరుతో ఎక్కావో ఆ గేరే. దోర్నాల నుంచి శ్రీశైలం సుమారు 50 కిలోమీటర్లు, అందులో గట్టి మలుపులున్న చోట రెండు, మూడు గేర్లలోనే ఉండాలి. మలుపు రాకముందే గేరు దించు. మలుపు మధ్యలో క్లచ్చు తొక్కితే ఇంజన్ పట్టు వదిలి బండి ఒక్కసారిగా ముందుకు తోసుకుపోతుంది, తడి మీద బండి జారడానికి అదే మొదలు. బ్రేకు మీద కాలు ఆనించి పెట్టొద్దు. వేగం పెరిగినప్పుడు గట్టిగా తొక్కి, తగ్గించి, పూర్తిగా వదిలెయ్. సన్నగా అదే పనిగా తొక్కితే వేడి పోయే సందు దొరక్క ప్యాడ్లు మాడతాయి, మాడిన వాసన వచ్చిందంటే పెడల్ మెత్తబడే వేళ దగ్గరపడినట్టే. హిల్ డిసెంట్ కంట్రోల్ (దిగువలో వేగాన్ని బండే పట్టి ఉంచే ఏర్పాటు) కూడా పనిచేసేది బ్రేకులతోనే. నిట్టదిగువ మట్టి దారిలో వంద రెండొందల మీటర్లకి వాడుకో, ఘాట్ అంతా దాని మీద వదిలెయ్యకు.

టైర్ల కొట్టాయన మాట తారుకి పూర్తిగా తప్పు. నీళ్ళ మీద టైరు తేలిపోయే వేగం గాలి పీడనాన్ని బట్టి ఉంటుంది. నిలిచిన నీళ్ళలో, అరిగిన టైరుకి వాడే లెక్క ప్రకారం 32 పీఎస్‌ఐకి అది గంటకి సుమారు 94 కిలోమీటర్లు, 20 పీఎస్‌ఐకి 74. అంటే గాలి తగ్గించేకొద్దీ తక్కువ వేగానికే తేలుతుంది. నలుగురూ సామాన్లూ ఉన్నప్పుడు తక్కువ గాలితో టైరు గోడ వేడెక్కడం అదనం. డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీది అంకె చూసి, పొద్దున్నే బండి కదలకముందు కొట్టించు. స్టెప్నీకీ కొట్టించు. 20, 22 అనేది బురదకీ ఇసుకకీ. తారెక్కే ముందు మళ్ళీ నింపుకోవాలి.

మడ్ టెర్రైన్ వద్దే వద్దు. పెద్ద పెద్ద గడులు, గట్టి రబ్బరు, సన్న గాట్లు తక్కువ. తడి తారు మీద ఆగే దూరం పెరుగుతుంది. నువ్వు పోయే దారి నూటికి తొంభై అయిదు పాళ్ళు తారే. కంపెనీ టైర్లు చాలు.

పెన్నా_ఒడ్డు:

పై అన్న చెప్పినదానికి నీళ్ళ సంగతి కలుపుతా. మన రెండు జిల్లాల్లో వానాకాలం ప్రాణాలు తీసేది ఘాట్ కన్నా చప్టాలే.

650 మిల్లీమీటర్లు అనేది నిలిచి ఉన్న నీళ్ళకి, అడుగు గట్టిగా ఉన్నచోట, నిదానంగా పోతే వర్తించే లెక్క. పారే నీటికి కాదు. నీళ్ళు క్యాబిన్ అడుగుని తాకాక ఏమవుతుందో చూడండి. అడుగు 3 మీటర్ల పొడవు, 1.6 మీటర్ల వెడల్పు అనుకుంటే దాదాపు 5 చదరపు మీటర్లు. దాని మీద ప్రతి 10 సెంటీమీటర్లకీ 500 కిలోల బరువు నీళ్ళు మోసేస్తాయి. తలుపు సందుల్లోంచి నీళ్ళు లోపలికొచ్చేలోపే టైర్ల మీద బరువు పోతుంది, బరువు పోతే పట్టు పోతుంది. పక్కనించి తోసే బలం వేగంతో పాటు పెరిగేది మామూలుగా కాదు. ప్రవాహం వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. నాలుగు చక్రాలూ తిరిగినా పట్టు లేని చక్రం తిరిగి ఏం లాభం.

అందుకని పారే నీళ్ళకి నియమం ఇది: చక్రం నడిమి బొడ్డు దాకా ఉంటే ఆగిపోవాలి. అడుగు కనపడని ఎర్రనీళ్ళయితే అంతకంటే తక్కువున్నా ఆగాలి. నీళ్ళ కింద చప్టా ఉందో, అంచు కోసుకుపోయి పలక కింద డొల్ల పడిందో పైనించి తెలియదు. మోకాలి లోతు పారే వాగులో దిగి లోతు చూసొస్తానని మనిషిని పంపడం కూడా తప్పే. చెరువు కలుజు పారుతున్నప్పుడు దాని కింది చప్టా గంటల తరబడి తగ్గదు, ఎదురు చూడ్డం కంటే చుట్టు తిరిగి పోవడం నయం. కొండవాగైతే వేరు, వాన వెలిసిన రెండు మూడు గంటల్లో చాలావరకు తగ్గుతుంది. గిద్దలూరు వైపు సగిలేరు, కంభం వైపు గుండ్లకమ్మ, రెండిటికీ పైన కొండలున్నాయి. మీ నెత్తిన ఎండ ఉన్నా పైన కురిస్తే నీళ్ళొస్తాయి.

దాటదగ్గ నీళ్ళయితే, అంటే నిలిచినవి, జానెడు మూరెడు లోతువి, పద్ధతి ఉంది. ఎదురు బండి పూర్తిగా దాటేదాకా ఆగండి. ఫోర్ లో, రెండో గేరు, మనిషి వడిగా నడిచినంత వేగం. ముందు ఒక చిన్న అల లేస్తుంది, దాని వెనకే అదే వేగంతో పోవాలి. వేగం పెంచితే నీళ్ళు బానెట్ పైకి లేచి గాలి తీసుకునే గొట్టంలోకి పోతాయి. మధ్యలో క్లచ్చు తొక్కొద్దు, గేరు మార్చొద్దు, ఆగొద్దు.

నీళ్ళలో ఇంజన్ ఆగిపోయిందంటే తాళం తిప్పకండి. ఇది ఇంట్లో బండి నడిపే వాళ్ళందరికీ చెప్పి పెట్టండి. సిలిండర్‌లోకి నీళ్ళు పోయి ఉంటే, గాలి నలిగినట్టు నీళ్ళు నలగవు, స్టార్ట్ చేసిన మరుక్షణం కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. మామూలు ఇన్సూరెన్స్‌లో అట్టా స్టార్ట్ చేసి పాడుచేసిన ఇంజన్‌కి డబ్బులు రావు. ఇంజన్ ప్రొటెక్ట్ అని విడిగా కట్టే కవరు ఉంటుంది, మీ పాలసీ కాగితంలో ఉందో లేదో ఇవాళే చూసుకోండి.

ఇంకొకటి చాలామంది పట్టించుకోరు. ఘాట్ దిగి వచ్చిన బండి ఇరుసులు కాగి ఉంటాయి. అదే ఊపున చల్లని నీళ్ళలో దిగితే లోపలి గాలి కుంచించుకుని, బ్రీదర్ (ఇరుసులోకి గాలి ఆడే) గొట్టంలోంచి నీళ్ళని లోపలికి లాగుతుంది. ఆ గొట్టం చివర ఎంత ఎత్తులో ఉందో మొదటి సర్వీసులో మెకానిక్‌ని చూపించమనండి. లోతు నీళ్ళలో దిగొచ్చాక డిఫరెన్షియల్ ఆయిలు పాలలాగా తెల్లబడితే వెంటనే మార్పించాలి, లేకుంటే బేరింగులు తుప్పు పడతాయి.

మీ బండికి వెనక డ్రమ్ బ్రేకులు. నీళ్ళూ బురదా లోపల నిలుస్తాయి. నీళ్ళు దాటాక నిదానంగా పోతూ నాలుగైదుసార్లు లైటుగా తొక్కి ఆరబెట్టండి, పెడల్ మళ్ళీ మామూలుగా పట్టేదాకా దిగువ మొదలుపెట్టొద్దు.

నవంబరు రాపూరు ఘాట్ గురించి కూడా. మనకి అసలు వాన ఈశాన్య రుతుపవనాలదే, అక్టోబరు నడిమి నుంచి డిసెంబరు దాకా. నైరుతి వానలు నల్లమల మీద బాగా కురిసినా నెల్లూరు దాకా అంతగా రావు. ఆగస్టు శ్రీశైలం, నవంబరు రాపూరు, రెండూ వానాకాలాలే అయినా ఒకటి కాదు. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినపడితే తేదీ మార్చుకోండి. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది ఆ రాజంపేట వైపే, మీరు చిట్వేలి దిగాక తగిలే ప్రాంతం. తుపాను దాటిన మూడు నాలుగు రోజులు ఘాట్‌లో చెట్లూ రాళ్ళూ పడే ఉంటాయి, నానిన గట్టు ఎండ కాశాక కూడా జారుతుంది. అంచు వైపు బండి దించి నిలపొద్దు.

తుమ్మలబయలు_దారి:

అడవి నియమాలు నేను చెబుతా.

దోర్నాల గేటు రాత్రి 9కి మూసి ఉదయం 6కి తెరుస్తారు. మధ్యాహ్నం 3 లోపల దోర్నాల దాటేట్టు బయల్దేరండి, మబ్బుపట్టిన రోజు అడవిలో 5కే చీకటి పడుతుంది. ఆత్మకూరు దారి కూడా పులుల అభయారణ్యంలోంచే, అక్కడా పగలే దాటండి. ఇది దేశంలోకెల్లా పెద్ద పులుల రిజర్వు. రోడ్డు దిగి మట్టి బాటలో బండి పెట్టడం నేరం, ఎంత ఫోర్ బై ఫోర్ అయినా సరే. ఇష్టకామేశ్వరికి అటవీ శాఖ పోనిచ్చే రోజుల్లో కూడా అనుమతి ఉన్న లోకల్ జీపుల్లోనే పోవాలి, సొంత బండ్లు పోనివ్వరు. అడవిలో తిరగాలని ఉంటే తుమ్మలబయలు దగ్గర అటవీ శాఖ సఫారీ ఉంది, వానాకాలంలో నడుపుతున్నారో లేదో ముందే కనుక్కోండి. కోతులకి తిండి పెట్టొద్దు, వాటిని రోడ్డుకి అలవాటు చేసి బండ్ల కింద పడేసేది మనమే.

డ్యామ్ గేట్లు ఎత్తిన వార్త వస్తే శని ఆదివారాలు ఘాట్ మీద బండ్లు కిలోమీటర్ల కొద్దీ నిలిచిపోతాయి. క్లచ్చు మీద నిలబెట్టి బండి పైకి లాగుతా ఉంటే కొత్త క్లచ్చు ఒక్క రోజులో వాసనొస్తుంది. వారం మధ్యలో పోండి. ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలనేది రూలు, పాటించండి. డీజిల్ మార్కాపురంలోనో దోర్నాలలోనో నింపుకోండి. సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, మ్యాపు ముందే ఫోన్‌లోకి దించుకోండి.

మంచు కమ్మితే లైటు డిమ్‌లో పెట్టాలి, బ్రైట్ వేస్తే తెల్లగోడ తప్ప ఏమీ కనపడదు. నాలుగు ఇండికేటర్లూ వేసి నడపొద్దు, మీరు ఆగారో పోతున్నారో వెనకవాడికి తెలియదు. అద్దం లోపల ఆవిరి పట్టకుండా ఏసీ వేసి గాలి అద్దం మీదికి తిప్పండి. వాన మొదలైన మొదటి పావుగంట తారు బాగా జారుతుంది, అప్పటిదాకా పేరుకున్న నూనె పైకి తేలుతుంది. మలుపుల్లో రంగురంగుల తళుకు కనిపిస్తే అది బస్సుల, లారీల ట్యాంకుల్లోంచి ఒలికిన డీజిల్.

కర్నూలురోడ్డు_ఒంగోలు:

అందరికీ చాలా థాంక్స్ అన్నా. ఫోర్ హై సంగతి, టైరు గాలి సంగతి తెలిసింది. ఇష్టకామేశ్వరికి అప్పుడు పోనిస్తే జీపులోనే పోతాం. ఇన్సూరెన్స్ చూశాను, ఇంజన్ కవరు లేదు, ఏజెంటుని అడుగుతా.

ఒక్కటి మిగిలింది. తిరిగొచ్చేటప్పుడు అర్ధవీడు దగ్గర చుట్టాల పొలం ఉంది, తారు నుంచి రెండు కిలోమీటర్లు రేగడి బాట. ఇరుక్కుంటే ఎట్టా? ఏం సామాను పెట్టుకోవాలి?

పలకల_ఊరు:

రేగడి తడిస్తే టైరు గాడులన్నీ నిండి నున్నటి గుండుగా మారుతుంది, ఏ టైరైనా ఒకటే. రాత్రంతా కురిసి ఉంటే బాట దగ్గరే బండి ఆపి ట్రాక్టరులో పోండి, అది సిగ్గుపడే పని కాదు.

పోదగ్గట్టు ఉందనిపిస్తే నాలుగు టైర్లూ 22కి దించండి, 18 కంటే కిందికి వద్దు, మలుపులో టైరు అంచు రిమ్ము వదిలేస్తుంది. బాట మొదట్లోనే ఫోర్ హై వెయ్యండి, ఇరుక్కున్నాక కాదు. రెండో గేరు, ఒకే తీరు యాక్సిలరేటర్. బండి ముందుకి కదలకుండా చక్రం తిరిగిందంటే వెంటనే కాలు తీయండి. ఇంకో పది సెకన్లు తిప్పితే ఇరుసు మట్టి మీద కూర్చుంటుంది, ఆ తర్వాత నాలుగు చక్రాలూ గాల్లోనే. కాలు తీశాక మీ గాడిలోనే వెనక్కి రావడానికి చూడండి, వచ్చిన దారి అప్పటికే నొక్కుకుని గట్టిపడి ఉంటుంది. మీ వేరియంట్‌లో వెనక లాకింగ్ డిఫరెన్షియల్ (ఒక చక్రం ఖాళీగా తిరిగితే వెనక రెండిటినీ కలిపి బిగించేది) ఉంటే, అది పట్టుకున్నప్పుడు టక్కుమని శబ్దం వస్తుంది, భయపడొద్దు.

రాలేదంటే పారతో నాలుగు టైర్ల ముందూ వాలుగా తవ్వాలి. ఇరుసు కింది మట్టి కూడా తీసెయ్యాలి, అదే అసలు అడ్డం. తడిపిన గోనెసంచులు రెండేసి టైరు కిందికి కుక్కండి. సంచి వెనక్కి ఎగురుతుంది కాబట్టి బండి వెనక ఎవరూ ఉండకూడదు. జాకీ నేరుగా మట్టిలో పెడితే దిగబడుతుంది, అడుగు పొడవు అడుగు వెడల్పు, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క కిందేసుకోవాలి.

లాగించుకునేటప్పుడు జాగ్రత్త ఎక్కువ కావాలి. మోకులు, ఇనప గొలుసులు వద్దు. 8, 9 మీటర్ల నైలాన్ రికవరీ స్ట్రాప్ (ఇరుక్కున్న బండిని లాగే పట్టీ), తెగే బలం 7, 8 టన్నులకి తగ్గనిది తీసుకోండి. బండి ఖాళీ బరువు ఒక్కటే కాదు, బురద పట్టు కూడా లాగాలి. డీ షాకిల్స్ (స్ట్రాప్‌ని బండికి తగిలించే, మర ఉన్న ఇనప లంకెలు) రెండు, ముప్పావు అంగుళానివి, వాటి మీద 4.75 టన్నులని అచ్చు ఉండాలి. మరను పూర్తిగా బిగించి పావు చుట్టు వదలండి, లేకపోతే లాగాక విప్పలేరు. కంపెనీ ఇచ్చిన కొక్కేలకే తగిలించాలి. ట్రాలీ తగిలించే గుండుకి ఎప్పుడూ తగిలించొద్దు, అది విరిగితే తూటాలాగా వస్తుంది. స్ట్రాప్ మధ్యలో తడి దుప్పటి వెయ్యండి, తెగితే దాని ఊపు తగ్గుతుంది. స్ట్రాప్ పొడవుకి ఒకటిన్నర రెట్ల దూరం లోపల మనిషన్నవాడు ఉండకూడదు.

దీంతో పాటు 12 వోల్టుల గాలి పంపు, గేజి, పంచర్ కిట్టు, తోలు చేతి తొడుగులు, టార్చి. ఇంతకు మించి ఈ ప్రయాణానికి అక్కర్లేదు, వించీ (బండిని లాగే మోటారు), స్నార్కెలూ (ఇంజన్‌కి పైనించి గాలి తీసుకునే గొట్టం) మీద డబ్బు పెట్టొద్దు. మార్కాపురం పలక గనుల వైపు మట్టిదారుల్లోకి పోతే పలక ముక్కలు టైరు పక్క గోడని కోస్తాయి, పక్క గోడ కోతకి పంచర్ పుల్ల పనికిరాదు, స్టెప్నీయే దిక్కు. అందుకే పై అన్న దాని గాలి చూసుకోమన్నది.

బాట దాటి తారెక్కగానే గాలి నింపి, టూ హైకి మార్చి, చక్రాల లోపలి వైపు రిమ్ములో పట్టిన రేగడి పుల్లతో గీకెయ్యండి. ఒకవైపు కిలో మట్టి ఉన్నా 60 దాటాక స్టీరింగ్ వణుకుతుంది, అలైన్‌మెంట్ పోయిందనుకుని షెడ్డుకి పోతారు.

గేరుబాక్స్_పొదిలి:

ఒక్కటి మర్చిపోయా. 640 కిలోమీటర్ల బండి, బయల్దేరేలోపు 1000 దాటించి మొదటి చెకప్ చేయించు. అప్పటిదాకా ఒకే వేగంతో గంటల కొద్దీ పోవద్దు, నిండా యాక్సిలరేటర్ తొక్కొద్దు. కొత్త ప్యాడ్లు డిస్కుకి కుదురుకోవడానికి కూడా కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 20కి, కొంచెం కొంచెం ఎడం ఇస్తూ, పదిసార్లు తగ్గిస్తే బాగా పడతాయి. వైపర్ రబ్బర్లు కొత్తవే గానీ షోరూంలో ఎండలో ఉన్న బండి అయితే గట్టిపడి ఉంటాయి, నీళ్ళు కొట్టి గీతలు పడుతున్నాయేమో చూడు. బ్రేకులూ వైపర్లూ చూసుకున్నాక పొదిలి దాకా ఒకసారి వానలో నడిపి చూసుకో, తర్వాత దోర్నాల.